మాట పక్కన ఏముందో చూడండి



ఈరోజు ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. అది స్కాట్లాండ్ మాట. అక్కడి పల్లెల్లో, చేపల రేవుల్లో, ఉత్తరాన ఉన్న దీవుల్లో వినిపిస్తుంది. ఆ మాట మకిల్. మకిల్ అంటే పెద్ద.

దీనికి ఇంకో రెండు రూపాలున్నాయి. కొన్నిచోట్ల మికిల్ అంటారు. కొన్నిచోట్ల మీకిల్ అంటారు. మకిల్, మికిల్, మీకిల్. మూడూ ఒకే మాట. మూడింటికీ అర్థం పెద్ద అనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో దీనితో పని పడుతుంది.

మికిల్ అనగానే మీకు మన మిక్కిలి తట్టి ఉంటుంది. తట్టడం సహజమే. చెవికి రెండూ ఇంచుమించు ఒక్కలాగే వినిపిస్తాయి. అర్థాలు కూడా దగ్గరదగ్గరగానే ఉన్నాయి. మరి వీటికి చుట్టరికం ఉందా? అదీ చూద్దాం. తొందరపడి అవునని మాత్రం అనుకోకండి.

స్కాట్లాండ్ మాట మనకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. గ్లాస్గోలో, ఎడిన్‌బరాలో, అబర్డీన్‌లో ఇవాళ తెలుగువాళ్ళు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. బడిలో నేర్చుకున్న ఇంగ్లీషుతో అక్కడ దిగుతారు. బజారుకి వెళ్ళేసరికి ఆ ఇంగ్లీషులో లేని మాటలు చెవిన పడతాయి. అప్పుడేం చెయ్యాలి? ఊహించాలా? అడగాలా? అడిగితే ఏమని అడగాలి?

నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క సంగతే. కొత్త మాట వినిపిస్తే, దాని చప్పుడును బట్టి అర్థం ఊహించకండి. ఆ మాట పక్కన ఏముందో చూడండి. మళ్ళీ చెప్తాను. చప్పుడును నమ్మకండి. పక్కన ఏముందో చూడండి.

మరి మకిల్ పక్కన ఏమేం ఉన్నాయి? ముందు ఇంట్లోకి వెళదాం.

పాతకాలపు స్కాట్లాండ్ ఇల్లు. ఇంటిల్లిపాదికీ వండే పెద్ద గిన్నె మకిల్ పాట్. చేతులు ఆనించుకుని కూర్చునే పెద్ద కుర్చీ మకిల్ చెయిర్. చలిలో బయటికి వెళ్ళేటప్పుడు అన్నిటికీ పైన తొడుక్కునే కోటు మకిల్ కోట్. అక్కడివాళ్ళ భాష స్కాట్స్‌లో కాలి వేలిని టే అంటారు. కాబట్టి కాలి బొటనవేలు మకిల్ టే అయింది.

ఇంటి మూల ఒక రాట్నం ఉండేది. దాని పేరు మకిల్ వీల్. ఈ రాట్నం దగ్గర కాసేపు ఆగుదాం. ఎందుకంటే మకిల్ అనే మాట చేసే పని ఇక్కడ చక్కగా అర్థమవుతుంది.

అక్కడి ఇళ్ళలో రెండు రకాల రాట్నాలుండేవి. ఒకటి చిన్నది. దాని ముందు కూర్చుని, కాలితో తొక్కుతూ తిప్పేవారు. అవిసె నార వడకడానికి అది బాగుండేది. రెండోది పెద్దది. అది ఉన్ని వడకడానికి. దాని ముందు కూర్చోడానికి వీల్లేదు. నిలబడాలి. కుడిచేత్తో చక్రం తిప్పాలి. ఎడమచేత్తో ఉన్ని పట్టుకుని వెనక్కి నడవాలి. వెనక్కి నడిచేకొద్దీ ఉన్ని సాగి, పురి పడి, దారం అవుతుంది. మళ్ళీ ముందుకు నడిచి ఆ దారాన్ని కదురుకు చుట్టాలి. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి. ఇంటి ఆడవాళ్ళు పూటంతా అలా నడుస్తూనే వడికేవారు.

ఇప్పుడు చూడండి. మకిల్ వీల్ అంటే పెద్ద చక్రం అని మాత్రమే చెప్పుకుంటే సరిపోతుందా? సరిపోదు. అది ఒక పనిముట్టు పేరు. ఏ పీచు వడకాలో, కూర్చోవాలో నిలబడాలో, అన్నీ ఆ పేరులోనే ఉన్నాయి. మకిల్ అనే మాట రెండు వస్తువులను విడదీసి చూపిస్తోంది. ఇది పెద్దది, అది చిన్నది. దీని పని వేరు, దాని పని వేరు. మాట పక్కన ఉన్న వస్తువును చూశాం కాబట్టి ఇంత తెలిసింది.

వస్తువుల దగ్గరి నుంచి మనుషుల దగ్గరికి వద్దాం.

మనిషి గురించి వాడినప్పుడు మకిల్‌కు ఎదిగిన అనే అర్థం వస్తుంది. పిల్లవాడు మకిల్ అయ్యాడంటే పెద్దవాడయ్యాడని. మకిల్ ఫోక్ అంటే ఊళ్ళో పెద్దమనుషులు. భూములు, హోదా ఉన్నవాళ్ళు. ఇక్కడ పెద్ద అనేది ఒంటి కొలత కాదని మీకు తెలుస్తూనే ఉంది.

తిట్టులోనూ ఈ మాట ఉంది. గౌక్ అంటే అక్కడ కోకిల జాతి పిట్ట. తెలివితక్కువ మనిషిని కూడా గౌక్ అంటారు. ఆ మనిషిని మకిల్ గౌక్ అన్నారంటే వెర్రితనం మరీ ఎక్కువైందని అర్థం. స్నేహితుల మధ్య ఆ మాట ముద్దుగా ఉంటుంది. ముఖం తెలియనివాళ్ళను అంటే తగువు వస్తుంది. అందుకే కొత్తగా వెళ్ళినవాళ్ళు వస్తువుల పక్కన మకిల్ వాడితే మేలు. మనుషుల పక్కన వాడకపోవడమే మంచిది.

ఇంకో వాడుక కూడా ఉంది. పరిమాణం చెప్పడానికి మకిల్ అంటే చాలా, ఎక్కువ. నో మకిల్ అంటే ఎక్కువేం లేదు, అంతంతమాత్రమే అని. ఎవరినైనా మకిల్ చేశారంటే వాళ్ళను నెత్తిన పెట్టుకుని గారాబం చేశారని. చూడండి, మాట అదే. పక్కన గిన్నె ఉంటే పెద్ద. పక్కన పిల్లవాడు ఉంటే ఎదిగిన. ముందు నో ఉంటే చాలా. అర్థం పక్కనున్న దాన్నిబట్టి మారుతోంది.

అబర్డీన్ ప్రాంతంలో మకిల్ ఫ్రైడే అనే రోజు ఉండేది. మకిల్ ఫ్రైడే అంటే పెద్ద శుక్రవారం. ఆ మాట చప్పుడుతోనే ఆగిపోతే ఇదేదో పండుగ అనుకుంటాం. క్రైస్తవులకు గుడ్ ఫ్రైడే ఉంది కదా, అలాంటిదేమో అనిపిస్తుంది. కానీ ఆ రోజు జరిగేది సంత. పాలేర్లను పనిలో పెట్టుకునే సంత. రైతులు వచ్చేవారు. పని కావలసిన కుర్రవాళ్ళు వచ్చేవారు. ఆరు నెలలకు జీతం మాట్లాడుకుని ఒప్పందం కుదుర్చుకునేవారు. ఒక పాలేరు కుర్రవాడికి ఏడాదిలో అంతకన్నా ముఖ్యమైన రోజు ఏముంటుంది? వచ్చే ఆరు నెలలు ఎవరి ఇంట్లో తినాలో, ఎవరి గుర్రాలు తోలాలో ఆ రోజే తేలేది. అందుకే అది మకిల్ శుక్రవారం అయింది.

ఇక ఇల్లు, సంత దాటి ఊళ్ళ పేర్ల దగ్గరికి వెళదాం. మాట ఎక్కువకాలం బతికేది ఊళ్ళ పేర్లలోనే.

మనకు గుంటూరు వైపు పెదకాకాని ఉంది, చినకాకాని ఉంది. విశాఖపట్నంలో పెదవాల్తేరు ఉంది, చినవాల్తేరు ఉంది. ఒకదాన్ని ఇంకోదాన్నుంచి గుర్తుపట్టడానికి పెద అని, చిన అని చేర్చుకున్నాం. స్కాట్లాండ్ వాళ్ళూ అదే చేశారు. అక్కడి ఉత్తర తీరంలో సముద్రపు పాయలు భూమిలోకి చొచ్చుకొస్తాయి. వాటిని దాటడానికి పడవల రేవులుండేవి. ఒక పాయ మీద రేవు పేరు మీకిల్ ఫెర్రీ. దానికి ఉత్తరాన ఇంకో పాయ మీద రేవు పేరు లిటిల్ ఫెర్రీ. పెద్ద రేవు, చిన్న రేవు.

ఆ మీకిల్ ఫెర్రీ పేరు స్కాట్లాండ్ చరిత్రలో ఒక దుఃఖంతో ముడిపడి ఉంది. 1809 ఆగస్టు 16. అవతలి ఒడ్డున టేన్ అనే ఊళ్ళో సంత. ఇవతల డోర్నాక్ అనే ఊరి వైపు నుంచి జనం పడవెక్కారు. మోయగలిగిన దానికన్నా చాలా ఎక్కువమంది ఎక్కారు. పడవ మునిగింది. దాదాపు వందమంది చనిపోయారు. ఒక్కో కుటుంబంలో సంపాదించేవాళ్ళు ఒక్కరోజులో పోయారు. ఆ తర్వాతే అక్కడ వంతెన కావాలన్న మాట గట్టిగా వినిపించింది. థామస్ టెల్ఫర్డ్ అనే స్కాట్లాండ్ ఇంజినీరు ఆ పాయ ఎగువన బోనార్ దగ్గర వంతెన కట్టాడు. 1812లో అది పూర్తయింది. ఆ ఊరి పేరే ఇప్పుడు బోనార్ బ్రిడ్జ్.

ఇంకా ఉత్తరానికి వెళితే షెట్లాండ్ దీవులు వస్తాయి. అక్కడ ఒక దీవి పేరు మకిల్ రో. రో అంటే ఎర్ర దీవి. పెద్ద ఎర్ర దీవి. దాని కొండచరియలు ఎర్రటి గ్రానైట్ రాయి. పేరు విని, దీవిని చూస్తే, ఇక నిఘంటువు అక్కర్లేదు.

షెట్లాండ్‌లో ఉత్తరపు కొసన మకిల్ ఫ్లగ్గా ఉంది. సముద్రంలోంచి నిటారుగా లేచిన రాతి దీవి. ఆ పేరుకు అర్థం కూడా నిటారుగా ఉన్న పెద్ద దీవి అనే. దాని నెత్తిన దీపస్తంభం ఉంది. 1854లో తాత్కాలికంగా దీపం పెట్టారు. అప్పుడు క్రిమియా యుద్ధం జరుగుతోంది. నౌకాదళపు ఓడలు దారి తప్పకూడదని తొందరగా కట్టారు. 1858 నుంచి శాశ్వతమైన దీపం వెలిగింది. కట్టించినవాళ్ళు డేవిడ్ స్టీవెన్సన్, థామస్ స్టీవెన్సన్ అనే అన్నదమ్ములు. ఆ థామస్ కొడుకే ట్రెజర్ ఐలండ్ రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్. 1995 వరకు ఆ రాతి మీద మనుషులు కాపలా ఉండి దీపం చూసుకున్నారు.

దక్షిణాన, ఇంగ్లండ్ సరిహద్దు దగ్గర లాంగమ్ అనే ఊరుంది. దాన్ని అక్కడివాళ్ళు మకిల్ టూన్ అంటారు. టూన్ అంటే పట్నం. పెద్ద పట్నం. వెళ్ళి చూస్తే అది చిన్న ఊరు. జనాభా రెండు వేల పైచిలుకు. మరి పెద్ద అని ఎందుకన్నారు? చుట్టూ ఉన్న పల్లెలవాళ్ళకు అదే పెద్ద ఊరు కాబట్టి. సంతకు, బట్టలమిల్లులో పనికి అక్కడికే రావాలి కాబట్టి. చంద్రుడి మీద మొదట అడుగుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ వంశానికి మూలాలు ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. ఆయన 1972లో లాంగమ్‌కు వచ్చాడు. ఊరివాళ్ళు ఆయనకు తమ పౌరసత్వ గౌరవం ఇచ్చారు. చంద్రుణ్ణి చూసొచ్చిన మనిషిని కూడా వాళ్ళు తమ పెద్ద పట్నానికే పిలిచారు. పెద్ద అనేది కొలతబద్దతో తేలదు. ఎవరి కళ్ళతో చూస్తున్నామన్నది ముఖ్యం.

వరద పేరులో కూడా మకిల్ చేర్చారు. 1829 ఆగస్టు 3, 4 తేదీల్లో ఈశాన్య స్కాట్లాండ్‌లో కుండపోత వాన కురిసింది. స్పే, ఫిండ్‌హార్న్ నదులు పొంగాయి. ఇళ్ళు పోయాయి. పొలాలు కొట్టుకుపోయాయి. వంతెనలు కూలాయి. ఫిండ్‌హార్న్ నది ఒక ఇరుకైన రాతి కనుమలో దాదాపు 50 అడుగుల ఎత్తుకు లేచింది. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గుర్తు కోసం అక్కడ రాళ్ళు నాటారు. సర్ థామస్ డిక్ లాడర్ అనే ఆయన ఆ వరద వివరాలన్నీ సేకరించి 1830లో పుస్తకంగా వేశాడు. ఆ పుస్తకం పేరులో గ్రేట్ ఫ్లడ్స్ అని ఉంటుంది. జనం మాత్రం మకిల్ స్పేట్ అన్నారు. స్పేట్ అంటే వరద. పుస్తకంలో పేరు ఒకటి. జనం నోట్లో పేరు ఇంకొకటి. ఆ ప్రాంతంలో నిలిచిపోయింది జనం పేరే.

సరే, ఇప్పటిదాకా విన్నది ఒకసారి కూడగడదాం. ఇంట్లో రాట్నం పక్కన మకిల్ ఉంది. సంత రోజు పక్కన ఉంది. రేవు పక్కన, దీవి పక్కన, పట్నం పక్కన, వరద పక్కన ఉంది. వీటన్నిటినీ చూశాక మకిల్ అంటే ఏమిటో మీకు ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు, ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

వెయ్యేళ్ళకు ముందే నార్వే నుంచి వైకింగులు ఓడల్లో వచ్చి షెట్లాండ్, ఆర్క్‌నీ దీవుల్లో స్థిరపడ్డారు. వాళ్ళ భాషలో మికిల్ అంటే పెద్ద. కాన్‌స్టాంటినోపుల్ మహానగరాన్ని వాళ్ళు మిక్లగార్డ్ అని పిలిచేవారు. పెద్ద కోట, పెద్ద నగరం అని. ఆ దీవులు చాలాకాలం నార్వే, డెన్మార్క్ రాజుల కిందే ఉండేవి. డెన్మార్క్ రాజు క్రిస్టియన్ తన కూతురు మార్గరెట్‌ను స్కాట్లాండ్ రాజు మూడో జేమ్స్‌కు ఇచ్చి పెళ్ళి చేశాడు. కట్నం డబ్బు సమకూరలేదు. దానికి హామీగా 1468లో ఆర్క్‌నీని, 1469లో షెట్లాండ్‌ను తాకట్టు పెట్టాడు. ఆ తాకట్టు విడిపించుకోలేదు. దీవులు స్కాట్లాండ్‌లో ఉండిపోయాయి. వాటితోపాటు మాటలూ ఉండిపోయాయి.

అటు పాత ఇంగ్లీషులో కూడా ఇదే మాట ఉంది. మిచెల్ అనేవారు. దక్షిణాన ఆ మాట చివరి అక్షరం అరిగిపోయింది. అరిగి మచ్ అయింది. అవును, మనం రోజూ వాడే థాంక్యూ వెరీ మచ్‌లోని మచ్ అదే. ఉత్తరాన మాత్రం వైకింగుల మాట అండగా ఉంది. అందుకే క అనే ధ్వని నిలిచింది, చివర ల కూడా నిలిచింది. మకిల్ అయింది. ఒకప్పుడు మచ్‌కు కూడా పెద్ద అనే అర్థం ఉండేది. ఇంగ్లండ్‌లో మచ్ వెన్‌లాక్ అనే ఊరుంది. దాని దగ్గరే లిటిల్ వెన్‌లాక్ ఉంది. పెద్ద వెన్‌లాక్, చిన్న వెన్‌లాక్. ఊరి పేరు పక్కన చూస్తేనే ఆ పాత అర్థం దొరుకుతుంది.

కాబట్టి మకిల్ అనేది మచ్‌ను సరిగ్గా పలకలేక పాడుచేసిన మాట కాదు. మచ్ కన్నా నిండుగా మిగిలిన రూపం అది. ఈ సంగతి నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. తరాలపాటు స్కాట్లాండ్ బడుల్లో పిల్లలు ఇలాంటి మాట అంటే పంతుళ్ళు తప్పు అని దిద్దారు. కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఇంట్లో అమ్మ నేర్పిన మాట బడిలో తప్పయితే పిల్లవాడు ఏమనుకుంటాడు? అమ్మే తప్పు అనుకుంటాడు. అది చిన్న నష్టం కాదు.

ఇంకా వెనక్కి వెళ్దాం. ఈ మాట మూలం యూరప్‌తో ఆగదు. గ్రీకులో మెగాస్ అంటే పెద్ద. లాటిన్‌లో మాగ్నస్ అంటే పెద్ద. సంస్కృతంలో మహత్ అంటే పెద్ద. ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయని భాషా శాస్త్రవేత్తలు ధ్వనుల మార్పులను వరసగా పోల్చి తేల్చారు. సంస్కృతం నుంచి మనం మహా అనే మాట తెచ్చుకున్నాం. మహానగరం, మహావృక్షం అంటాం. మెగాస్టార్ అంటాం, అది గ్రీకు మెగా. పద్దెనిమిదేళ్ళు నిండితే మేజర్ అయ్యాడంటాం, అది లాటిన్‌లో మాగ్నస్ కుటుంబం మాట. అన్నీ మకిల్‌కు చుట్టాలే.

మరి మిక్కిలి? చుట్టం కాదు. మిక్కిలి మన సొంత మాట. మిగులు, మిక్కుటం, మించు అనే మాటల పక్కన పెట్టి చూడండి. ఎక్కువ కావడం, దాటడం అనే అర్థం వాటన్నిటిలో ఉంది. తమిళంలో మిక్క ఉంది. కన్నడంలో మిగిలు ఉంది. ఇది ద్రావిడ భాషల మాట. మికిల్‌తో ధ్వని కలవడం కేవలం యాదృచ్ఛికం. ఇలాంటిదే స్పానిష్‌లోని ముచో. దానికీ చాలా అనే అర్థం. ఇంగ్లీషు మచ్‌తో దానికీ సంబంధం లేదు. అది ముల్టుస్ అనే వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది.

గమనించారా? మికిల్‌లా వినిపించే మిక్కిలి చుట్టం కాదు. మికిల్‌లా వినిపించని మహా చుట్టం. చెవిని నమ్ముకుంటే రెండుచోట్లా పొరపడతాం.

చెవిని నమ్మి లోకమంతా పొరపడిన సందర్భం ఒకటుంది. అది ఒక సామెత.

స్కాట్స్ సామెత ఇలా ఉంటుంది. మోనీ ఎ పికిల్ మాక్స్ ఎ మకిల్. ఇక్కడ పికిల్ అంటే ఊరగాయ కాదు. స్కాట్స్‌లో పికిల్ అంటే గింజ, చిటికెడు, కొంచెం. అనేక గింజలు కలిస్తే పెద్ద రాశి అవుతుందని సామెత భావం. పొదుపు గురించి చెప్పిన మంచి మాట. కానీ ఈ సామెత స్కాట్లాండ్ దాటి వెళ్ళాక మారిపోయింది. పికిల్ పోయి మికిల్ వచ్చింది. మెనీ ఎ మికిల్ మేక్స్ ఎ మకిల్ అయింది. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ కూడా 1793లో ఒక ఉత్తరంలో దీన్ని ఇలాంటి రూపంలోనే రాశాడు. స్కాట్లాండ్ సామెత అని చెప్పి మరీ రాశాడు.

మొదట్లో నేను గుర్తుపెట్టుకోమన్నది ఇప్పుడు తీయండి. మికిల్ అన్నా మకిల్ అన్నా ఒకటే. రెండూ పెద్ద అనే. అంటే ఈ మారిన సామెతకు అర్థం ఏమిటి? అనేక పెద్దవి కలిస్తే ఒక పెద్దది. అందులో నీతి ఏముంది? ఏమీ లేదు. కానీ వినేవాళ్ళకు మికిల్ సన్నగా, చిన్నగా వినిపించింది. మకిల్ లావుగా, పెద్దగా వినిపించింది. ఒకటి చిన్నదీ ఇంకొకటి పెద్దదీ అయ్యుంటుందని ఊహించుకున్నారు. ఇవాళ్టికీ చాలామంది మికిల్ అంటే కొంచెం అనే అనుకుంటారు. పెద్ద అనే మాటకు చిన్న అనే అర్థం అంటగట్టారు. ఒక్క రేవు పేరు చూసి ఉంటే, ఒక్క రాట్నాన్ని చూసి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు.

ఈ మాటలను కాపాడినవాళ్ళ గురించి చెప్పకుండా ముగించడం న్యాయం కాదు.

ఫార్ఫర్ అనే ఊళ్ళో జాన్ జేమీసన్ అనే పాస్టరు ఉండేవాడు. స్కాట్స్ అంటే ఇంగ్లీషు పాడైన రూపమే అని ఆయన కూడా అప్పటి చదువుకున్నవాళ్ళలాగే అనుకునేవాడు. 1787లో ఐస్‌లాండ్ పండితుడు గ్రీముర్ థోర్కెలిన్ ఆయన్ని కలిశాడు. ఈ ప్రాంతంలో జనం మాట్లాడే మాటల్లో తమ ఐస్‌లాండ్ మాటలు వినిపిస్తున్నాయని, అవి ఇంగ్లీషులో లేవని చెప్పాడు. ఆ మాట జేమీసన్‌ను కదిలించింది. అప్పటినుంచి రైతుల నోట, చేపలవాళ్ళ నోట విన్న మాటలు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇరవయ్యేళ్ళ పైగా రాశాడు. 1808లో ఆయన స్కాట్స్ నిఘంటువు రెండు సంపుటాల్లో వచ్చింది. 1825లో ఇంకో రెండు సంపుటాలు కలిపాడు.

తర్వాత విలియం గ్రాంట్, డేవిడ్ మ్యూరిసన్ సంపాదకత్వంలో స్కాటిష్ నేషనల్ డిక్షనరీ పది సంపుటాల్లో వచ్చింది. 1931లో మొదలై 1976లో పూర్తయింది. అందులో మాటకు అర్థం చెప్పి ఊరుకోలేదు. ఆ మాట ఏ జిల్లాలో వాడతారో రాశారు. ఏ వాక్యంలో వాడారో చూపించారు. అంటే పక్కన ఏముందో చూపించారు. మంచి నిఘంటువు చేసే పని అదే.

ఇవాళ స్కాట్స్ పరిస్థితి కొంత మెరుగైంది. 2022 జనాభా లెక్కల్లో దాదాపు 15 లక్షలమంది స్కాట్స్ మాట్లాడగలమని చెప్పారు. 2025లో స్కాట్లాండ్ పార్లమెంటు చేసిన చట్టం అక్కడి ఇంకో భాష గేలిక్‌కు, స్కాట్స్‌కు అధికార హోదా ఇచ్చింది. చట్టం అవసరమే. కానీ మాటను బతికించేది వాడకం. షెట్లాండ్‌లో ఇప్పటికీ మకిల్ వాడుకలో ఉంది. దానికి ఎదురుమాట పీరీ. పీరీ అంటే చిన్న. పెద్ద పడవ మకిల్ పడవ, చిన్న పిల్ల పీరీ పిల్ల. అక్కడికి వెళ్ళేవాళ్ళు ఈ రెండు మాటలు వెంట తీసుకెళ్ళండి.

ఇక ఆచరణలో ఏం చెయ్యాలి? చాలా తేలిక.

కొత్త చోట కొత్త మాట వినిపించింది. వెంటనే ఆ మాటకు అర్థం ఏమిటని అడగకండి. అలా అడిగితే చెప్పేవాళ్ళు సిగ్గుపడి, బడి ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పి వదిలేస్తారు. ఏ వస్తువును అలా అంటారు అని అడగండి. ఇంకా దేన్ని అలా అంటారు అని అడగండి. దేన్ని అలా అనరు అని కూడా అడగండి. ఈ మూడో ప్రశ్నకు చాలా విలువుంది. మాటకు హద్దు ఎక్కడో అదే చెప్తుంది. విన్నది ఆ పూటే రాసిపెట్టుకోండి. మాట ఒక్కటే రాయకండి. పూర్తి వాక్యం రాయండి. ఏ ఊళ్ళో విన్నారో రాయండి.

మన ఇళ్ళలో కూడా ఇది పనికొస్తుంది. శ్రీకాకుళం అమ్మమ్మ నోట్లో, పాలమూరు తాతయ్య నోట్లో, అనంతపురం అత్తయ్య నోట్లో మనకు తెలియని మాటలున్నాయి. పిల్లలు విని నవ్వితే నవ్వనివ్వకండి. దిద్దడానికి తొందరపడకండి. ముందు ఆ మాట దేని పక్కన ఉందో అడిగి తెలుసుకోండి. జేమీసన్ అలాగే మొదలుపెట్టాడు. ఒక కాగితం, ఒక కలం, అడగాలన్న మనసు ఉంటే ఆ పని ఎవరైనా చెయ్యొచ్చు. ఈ వారంలో ఒక్క మాట అడగండి. ఒక్క వాక్యం రాయండి.